అవ్వా తాతల నోరు ఎవరు చూస్తున్నారు?

ఈ మధ్య ఒక రోజు రొద్దం మండలంలోని ఒక పల్లె నుండి తండ్రీ కొడుకులు మా ఓపీకి వచ్చారు. పెద్దాయనకు 70 దాటాయి. బీపీ మాత్రల కోసం ప్రతి నెలా వచ్చే మనిషే. ఈసారి కొడుకు తోడు రావడానికి కారణం వేరే ఉంది. సెల్‌ఫోను తీసి నా ముందు పెట్టాడు. నోట్లోని బాక్టీరియా వల్ల పెద్ద వయసువారికి క్యాన్సర్ వస్తుందని అందులో ఒక వార్త. "మా నాయనకు పండ్లన్నీ పాడైనాయి మేడం. నోరంతా వాసన. ఆ పురుగులన్నీ చచ్చే మాదిరి గట్టి యాంటీబయాటిక్ ఏదన్నా రాయండి" అన్నాడు.

పెద్దాయన మాత్రం సంతోషంగా ఉన్నాడు. నడుములోని వక్కాకు తిత్తి తడుముకుంటూ, "సూస్తివా డాక్టరమ్మా? ఆకూ వక్కా కాదంట, పురుగులంట. నలభై ఏండ్లుగా ఊరికే నన్ను తిడతాండ్రి" అన్నాడు.

ఆ రోజు ఇద్దరికీ నేను చెప్పిన జవాబే కొంచెం విపులంగా ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఇదే ప్రశ్న తర్వాత ఇంకా కొందరు అడిగారు. కొడుకు భయపడింది ఉత్తుత్తి వార్తకేమీ కాదు, కానీ అతను అడిగిన మందు తప్పు. తండ్రి తీసిన అర్థం పూర్తిగా తప్పు. అయితే ఈ ఇద్దరి కంటే పెద్ద తప్పు ఒకటి ఉంది, అది మాది. ఆ పెద్దాయన ఆరేళ్ళుగా మా దగ్గరికి వస్తున్నాడు. ప్రతిసారీ చేతికి పట్టీ కట్టి బీపీ చూశాం, గుండె మీద స్టెతస్కోపు పెట్టాం, కాళ్ళ వాపు నొక్కి చూశాం. "నాలుక చాపు పెద్దాయనా" అని కూడా అన్నాం. కానీ టార్చి వేసి బుగ్గ లోపల, నాలుక కింద ఏముందో ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. నేనూ చూడలేదు.

ముందు ఆ వార్త సంగతి

మనిషి నోట్లో సుమారు 700 రకాల బాక్టీరియా ఉంటాయని లెక్క. ఒక్కొక్కరి నోట్లో వీటిలో కొన్ని వందల రకాలు ఉంటాయి. వీటిలో ఎక్కువ భాగం మనకు ఏ హానీ చేయవు సరికదా, చెడ్డ క్రిములకు చోటు దొరకకుండా కాపు కాస్తాయి. కాబట్టి "అన్నీ చచ్చే మాదిరి" మందు వేయడం అంటే పొలంలో కలుపు పోవాలని పైరుతో సహా దున్నేయడమే. పైగా మందు ఆపిన కొద్ది రోజులకే మొదట మొలిచేది కలుపే.

తంటా తెచ్చేవి కొన్నే. అవి పళ్ళకూ చిగుళ్ళకూ మధ్య సందుల్లో, గాలి ఆడని చోట ఉంటాయి. పళ్ళు సరిగా తోముకోకపోతే మొదట మెత్తని పాచి పడుతుంది. అది కొన్నాళ్ళకు గట్టిపడి గార అవుతుంది. గార కిందికి చిగురు వాచి, పంటిని వదిలి, చిన్న సంచిలాగా అవుతుంది. ఆ సంచిలో కాపురం పెట్టేవాటిలో పేరు మోసినవి రెండు: పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటం. పేర్లు గుర్తుపెట్టుకోనక్కరలేదు. తోముకుంటే రక్తం రావడం, నోటి వాసన, పళ్ళు కదలడం - ఇవి కనిపిస్తే ఇటువంటి క్రిములు చేరి చాలా కాలమైందని అర్థం.

వీటికీ క్యాన్సర్‌కూ సంబంధం ఉందా అని అమెరికాలో చాలా ఏళ్ళుగా లెక్కలు తీస్తున్నారు. 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో 50 వేలకు పైగా మగవారిని 16 ఏళ్ళ పాటు గమనించారు. చిగుళ్ళ జబ్బు ఉన్నవారిలో క్లోమ గ్రంథి క్యాన్సర్ లేనివారి కంటే 64 శాతం ఎక్కువగా కనిపించింది. 2017లో 54 నుండి 86 ఏళ్ళ మధ్య వయసున్న సుమారు 66 వేల మంది స్త్రీలను గమనించిన ఫలితాలు వచ్చాయి. చిగుళ్ళ జబ్బు ఉన్నదని చెప్పినవారిలో అన్ని రకాల క్యాన్సర్లూ కలిపి 14 శాతం ఎక్కువ. అన్నవాహిక క్యాన్సర్ అయితే మూడు రెట్లకు పైగా. వీరిలో ఎప్పుడూ పొగ తాగని స్త్రీలను వేరుగా తీసి చూసినా మొత్తం మీద క్యాన్సర్ కొంత ఎక్కువగానే కనిపించింది.

2024లో ఇంకొక అడుగు వేశారు. సుమారు లక్షా 60 వేల మంది ఆరోగ్యంగా ఉన్నప్పుడే నోరు పుక్కిలించి ఇచ్చిన నీటిని దాచి, తర్వాత వారిలో ఎవరికి తల, మెడ భాగాల క్యాన్సర్ వచ్చిందో చూశారు. అలా వచ్చిన 236 మంది నోటి నీటిని, రానివారి నోటి నీటితో పోల్చారు. 13 రకాల బాక్టీరియా ఎక్కువగా ఉన్నవారికి క్యాన్సర్ వచ్చే అవకాశం 30 శాతం ఎక్కువని తేలింది. 2025లో క్లోమ గ్రంథి క్యాన్సర్ విషయంలోనూ ఇదే పద్ధతిలో చేసిన పరిశోధన వచ్చింది. ఆ కొడుకు ఫోనులోని వార్త దీని గురించే అయి ఉండాలి. ఇక ఫ్యూసోబాక్టీరియాన్ని 2011లోనే పెద్దపేగు క్యాన్సర్ గడ్డల్లో కనుగొన్నారు. నోట్లో ఉండవలసిన క్రిమి అంత దూరం ఎలా పోయిందని అందరూ ఆశ్చర్యపోయారు. దానిలో ఒక ఉపజాతి, పరీక్షించిన పెద్దపేగు గడ్డల్లో సుమారు సగం వాటిలో ఉన్నదని 2024లో తెలిసింది.

ఎలా పోతుంది? మనం రోజుకు లీటరుకు అటూ ఇటూగా ఉమ్మి మింగుతాం, దానితో పాటు క్రిములూ పోతాయి. చిగుళ్ళు వాచి రక్తం కారేవారిలో అన్నం నమిలినప్పుడు కూడా కొన్ని క్రిములు రక్తంలో కలుస్తాయి. చిగుళ్ళలో ఏళ్ళ తరబడి ఆరని వాపు ఉంటే దాని ప్రభావం ఒంట్లో మిగతా చోట్లా ఉంటుంది. సారాయి, బ్రాందీ తాగేవారి నోట్లోనైతే కొన్ని బాక్టీరియా ఆ మద్యాన్ని అసిటాల్డిహైడు అనే విషంగా మారుస్తాయి. ఇది క్యాన్సర్ కలిగించేదని బాగా తెలిసిన పదార్థమే.

ఇంత చెప్పాక ఒక మాట గట్టిగా చెప్పాలి. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి కారణం అని కాదు. పెన్నా పారినప్పుడు రొద్దంలో గొడుగులు ఎక్కువ కనిపిస్తాయి, అంతమాత్రాన గొడుగులు నదిని పారించవు కదా. వయసు మీరినవారు, పొగ తాగేవారు, షుగరు ఉన్నవారు, పేదవారు - వీరికి చిగుళ్ళ జబ్బూ ఎక్కువే, కొన్ని క్యాన్సర్లూ ఎక్కువే. ఒక బాక్టీరియా క్యాన్సర్‌కు కారణమని తిరుగులేకుండా రుజువైంది కడుపులో ఉండే హెలికోబాక్టర్ పైలోరీ విషయంలో. ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ 1984లో దాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకొని చూపించాడు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. 2005లో మార్షల్‌కూ, ఆయన సహచరుడు రాబిన్ వారెన్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. నోటి బాక్టీరియా విషయం ఇంకా అక్కడిదాకా రాలేదు. అనుమానం బలంగా ఉంది, తీర్పు రాలేదు. అంతే.

పెద్దాయన తిత్తి సంగతి

తీర్పు ఎప్పుడో వచ్చేసిన వాటిని మాత్రం మనం నడుములో కట్టుకొని తిరుగుతున్నాం. పొగాకు నోటి క్యాన్సర్ తెస్తుందన్న దానిలో ఏ అనుమానమూ లేదు. బీడీ అయినా, నమిలే పొగాకు అయినా, పళ్ళకు రుద్దుకునే పొగాకు పొడి అయినా అంతే. మన జిల్లాలో చాలామంది "నేను పొగాకు వేసుకోను మేడం, ఉత్త ఆకూ వక్కే" అని ధైర్యంగా చెబుతారు. వారికి ఇది కొంచెం చేదు మాట: పొగాకు కలపని వక్కాకు కూడా క్యాన్సర్ కారకమేనని అదే అంతర్జాతీయ సంస్థ 2004లో ప్రకటించింది. అసలు దోషి వక్క. వక్క నమిలేవారిలో బుగ్గలు లోపల బిగుసుకుపోయి, కొన్నాళ్ళకు నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోకపోవడం మేము చూస్తూనే ఉన్నాం. పెళ్ళిళ్ళలో తాంబూలం ఒకసారి వేసుకున్నందుకు ఎవరినీ భయపెట్టను. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే వరకు దవడలో ముద్ద పెట్టుకొని ఉండేవారి గురించే నా బాధ. నడుము వంచి చెనిక్కాయ పీకే కూలీ మనిషి, ధర్మవరంలో గుంట మగ్గం మీద పొద్దంతా కూర్చునే నేతగాడు ఆకలి తెలియకుండా, నిద్ర రాకుండా దవడలో పెట్టుకుంటారు. అది వారికి విలాసం కాదు. ఆ సంగతి తెలిసి మాట్లాడాలి. వట్టి తిట్లతో మానేవారు తక్కువ.

మన రాష్ట్రంలోనే ఉత్తరాన శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు ఆడవారు చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకొని తాగడం ఉంది. అడ్డపొగ అంటారు. దాని వల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి అక్కడి డాక్టర్లు, పరిశోధకులు దశాబ్దాల క్రితమే ప్రపంచానికి తెలియజేశారు. ఆ అలవాటు మన వైపు లేదు కదా అని సంతోషపడడానికి వీల్లేదు. వారికి అంగిలి, మనకు బుగ్గ. ముద్ద ఎక్కడ పెట్టుకుంటే పుండు అక్కడే.

కాబట్టి బాక్టీరియా వార్త చూసి పొగాకుకు క్షమాపణ దొరికిందని ఎవరూ అనుకోవద్దు. పొగాకు, వక్క నోటిలోని మంచి క్రిములను తగ్గించి చెడ్డవాటికి చోటిస్తాయి, చిగుళ్ళ జబ్బును ముదరబెడతాయి. అంటే పెద్దాయన విడిపించాననుకున్న దొంగ, అసలు దొంగకు తోడు దొంగే.

ముద్ద మింగడానికి పళ్ళెందుకు?

వృద్ధుల నోరు ఎందుకు ఇంత నిర్లక్ష్యానికి గురవుతుందో ఆలోచిస్తే నాకు ఒక కారణం మన రాగిముద్దలోనే కనిపిస్తుంది. ముద్దను నమలరు, ఊరిబిండిలోనో పులుసులోనో అద్ది మింగుతారు. పళ్ళు ఒక్కొక్కటే రాలిపోతున్నా మన తాతలకు తిండికి లోటు తెలియదు. చెనిక్కాయలు నమల్లేకపోతున్నానని ఒకసారి అంటారు, తర్వాత అదీ అనరు. కోడలు ముద్ద కలిపి పెడుతుంది, ఆయన మింగుతాడు, అంతా బాగానే ఉందనుకుంటారు. లోపల విరిగిన పళ్ళ మొదళ్ళు, వాచిన చిగుళ్ళు, ఒక్కోసారి తెల్ల మచ్చ అలాగే ఉండిపోతాయి. "ఈ వయసులో పండ్లకు ఖర్చెందుకు" అనే మాట పిల్లల కంటే ముందు పెద్దలే అంటారు.

వయసుతో పాటు వేరే చిక్కులూ వస్తాయి. బీపీకి, నీరు తీయడానికి, నిద్రకు, అలర్జీకి ఇచ్చే మాత్రల్లో చాలా వాటి వల్ల ఉమ్మి తగ్గి నోరు ఎండిపోతుంది. ఉమ్మి అంటే నోటికి పారే కాలువ లాంటిది. అది ఆగితే క్రిములు పేరుకుంటాయి. మేము రాసే మందులే ఇవి, ఈ మాట మేము ముందే చెప్పాలి, తరచుగా చెప్పం. చేతులు వణికేవారు, కీళ్ళు బిగుసుకున్నవారు బ్రష్షు గట్టిగా పట్టుకోలేరు. కంటి శుక్లం ఉన్నవారికి అద్దంలో పుండు కనబడదు. షుగరు ఉంటే చిగుళ్ళు త్వరగా పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు అదుపు తప్పుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి.

మన ప్రాంతంలో ఇంకొక అపోహ. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో చాలా చోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. చిన్నప్పటి నుండి ఆ నీళ్ళు తాగినవారి పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి. అవి పాచి కాదు, తోమితే పోవు. ఆ సంగతి తెలియక ఇటుక పొడి, బొగ్గు, ఇసుక వేసి రుద్దుకొని పళ్ళ పైపొర అరగదీసుకున్నవారు ఎందరో. మరక అలాగే ఉంటుంది, పళ్ళు మాత్రం జివ్వుమంటాయి. రుద్దవలసింది మరకను కాదు, చిగురు అంచును. అదీ మెల్లగా.

క్యాన్సర్ సంగతి తేలే వరకు ఆగనక్కరలేని మేలు ఒకటి ఇప్పటికే రుజువైంది. జపానులో 11 వృద్ధాశ్రమాల్లోని 417 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ప్రతి భోజనం తర్వాత పనివారే నోరు శుభ్రం చేశారు, వారానికొకసారి పళ్ళ డాక్టరో, ఆయన సహాయకులో చూశారు. రెండవ జట్టు మామూలుగా ఉంది. రెండేళ్ళలో మామూలుగా ఉన్నవారిలో 19 శాతం మందికి, నోరు శుభ్రం చేసినవారిలో 11 శాతం మందికి నిమోనియా వచ్చింది. 2002లో ఈ ఫలితం అచ్చయింది. ఖరీదైన మందు ఏదీ వాడలేదు. బ్రష్షు, మనిషి చెయ్యి, కొంచెం ఓపిక.

ఇంట్లో పెద్దవారికి మీరే తోమవలసి వస్తే మెత్తని చిన్న బ్రష్షు తీసుకోండి. పిడి లావుగా ఉంటే వణికే చేతికీ పట్టు దొరుకుతుంది, లేకుంటే పిడికి పాత గుడ్డ చుట్టండి. శనగగింజంత పేస్టు చాలు. పళ్ళు లేకపోయినా చిగుళ్ళు, నాలుక తుడవాలి. పళ్ళు లేనివారికి నోరు కడగనక్కరలేదనుకోవడమే చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. మంచం పట్టినవారిని కొంచెం ఎత్తుగా కూర్చోబెట్టి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను వేలికి చుట్టుకొని తుడవండి. నోట్లో నీళ్ళు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కట్టుడు పళ్ళు రాత్రి తప్పక తీసి, కడిగి, నీళ్ళలో వేయండి. వేప పుల్ల, కానుగ పుల్ల తప్పు కాదు, మెత్తగా నమిలి వాడితే మంచిదే, చిగురు చీల్చుకోకుండా ఉంటే చాలు. అంగడిలో రంగు రంగుల సీసాల్లో అమ్మే మౌత్‌వాష్‌లతో క్యాన్సర్ ఆగుతుందని ఎవరూ రుజువు చేయలేదు. ఆ డబ్బుతో ఏడాదికి సరిపడా బ్రష్షులు వస్తాయి. గార గట్టిపడి ఉంటే ఇంట్లో పోదు, పళ్ళ డాక్టరు దగ్గర తీయించుకోవాలి. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్నది వట్టి మాట. గార పోయాక అప్పటికే ఉన్న వదులు తెలుస్తుంది, అంతే.

టార్చి లైటు

నా అభిప్రాయం ఇది. మన వైపు కంటి శిబిరాలు పెడతారు, ఎంతోమందికి చూపు వచ్చింది. బీపీ, షుగరు పరీక్షలు ఊరూరా జరుగుతున్నాయి. నోటి కోసం ఎవరూ అంత శ్రద్ధ పెట్టరు. పెట్టినా బడిపిల్లల పళ్ళ కోసం పెడతారు. అరవై దాటినవారి నోరు చూడడం ఎవరి పనీ కాకుండా పోయింది. పళ్ళ డాక్టరు దగ్గరికి వారు పోరు. మామూలు డాక్టరు అది పళ్ళ డాక్టరు పని అనుకుంటాడు.

నోరు చూడడానికి పెద్ద చదువు కూడా అక్కరలేదని కేరళలో తేలింది. తిరువనంతపురం జిల్లాలో 1996 నుండి 13 పంచాయతీల్లో, 35 ఏళ్ళు దాటినవారిని ఒక పరిశోధన కోసం గమనించారు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పోయి, వెలుతురులో నోటి లోపల కళ్ళతో చూశారు. అనుమానం ఉన్నవారిని డాక్టరు దగ్గరికి పంపారు. 2005లో ఫలితాలు వచ్చాయి. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు, అలా చూడని ప్రాంతాలతో పోలిస్తే 34 శాతం తగ్గాయి. స్కానింగు లేదు, రక్త పరీక్ష లేదు. మన దేశంలో, మనవంటి పల్లెల్లోనే జరిగిన పని ఇది.

ప్రభుత్వ పథకంలోనూ ఈ పని ఉంది. 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త నింపే కాగితంలో నోట్లో మానని పుండు ఉందా, నోరు తెరవడం కష్టంగా ఉందా అనే ప్రశ్నలున్నాయి. ఆశా అమ్మ మీ ఇంటికి వచ్చినప్పుడు బయట అరుగు మీద ఉన్న అవ్వను వదిలేసి మీ పేర్లే రాయించి పంపకండి. అవ్వను కూడా పిలవండి.

మేము ఆసుపత్రిలో ఒక చిన్న నియమం పెట్టుకోవాలని నేను కోరుతున్నాను. బీపీ పట్టీ కట్టిన ప్రతి పెద్దవారికీ అదే కుర్చీలో టార్చి వేసి నోరు చూడాలి. ఒక నిమిషం పని. ఓపీలో వరుస పెరుగుతుందని కొందరు తోటివారు అంటున్నారు. నిజమే, పెరుగుతుంది. సోమవారం నాడు మా ఓపీ చూసినవారికి ఆ మాటలో న్యాయం ఉందని తెలుసు. అయినా క్యాన్సర్ ముదిరిన తర్వాత బెంగుళూరు కిద్వాయ్‌కి పోయి, అక్కడి వరుసలో నిలబడి, సత్రంలో నెలలు గడిపే కుటుంబాలను తలచుకుంటే ఈ ఒక్క నిమిషం నాకు ఎక్కువనిపించదు. మేము చూడకపోతే మీరే అడగండి. "మా అత్త నోరు కూడా చూడండమ్మా" అంటే ఏ డాక్టరూ కాదనరు.

ఇంట్లో మీరూ చూడవచ్చు. పగటి వెలుతురులో కట్టుడు పళ్ళు తీసేసి, రెండు బుగ్గల లోపల, పెదవుల వెనుక, నాలుక అంచులు, నాలుక కింద, అంగిలి చూడండి. తుడిచినా పోని తెల్ల మచ్చ, మఖమల్ గుడ్డలా ఎర్రగా ఉన్న మచ్చ, గట్టిగా తగిలే గడ్డ - ఇవి ఉంటే చూపించండి. రెండు వారాలు దాటినా మానని పుండును అసలు వదలకండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. మొదట్లో నొప్పి ఉండదు, అదే దీని మోసం. నిన్నటిదాకా సరిపోయిన కట్టుడు పళ్ళు ఉన్నట్టుండి సరిపోకపోయినా, మెడలో గడ్డ తగిలినా, మింగేటప్పుడు ఒక వైపే చెవిలోకి నొప్పి పాకినా చూపించాలి. చాలా పుండ్లు విరిగిన పంటి అంచు గీసుకున్నవే అయి ఉంటాయి. ఆ అంచు నున్నగా చేస్తే మానిపోతాయి. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని ఊళ్ళో అనేది నిజం కాదు. పసర్లు పూసి, కాల్చి, నెలలు పోగొట్టుకున్నాక వచ్చేవారిని చూస్తే మాత్రం మాకు చేతులాడవు.

ఇప్పటికే తల, మెడ క్యాన్సర్‌కు కరెంటు వైద్యం అని మనవారు పిలిచే రేడియేషన్ కోసం పోబోతున్నవారికి ఒక ముఖ్యమైన మాట. అది మొదలు కాకముందే పళ్ళ డాక్టరుకు చూపించుకోండి. తీయవలసిన పళ్ళు అప్పుడే తీయించాలి. తర్వాత తీస్తే దవడ ఎముక మానక చాలా బాధపడతారు.

ఇంతకూ ఆ పెద్దాయన. యాంటీబయాటిక్ రాయలేదు. కుర్చీ కిటికీ దగ్గరికి జరిపించి, నోరు తెరవమన్నాను. ఎడమ బుగ్గ లోపల, ముద్ద పెట్టుకునే చోట, రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ ఉంది. కొడుకు నా భుజం మీదుగా తొంగి చూసి ఏమీ మాట్లాడలేదు. ముక్క పరీక్ష చేయించాం. క్యాన్సర్ కాదు, కానీ అటు పోయే దారిలో ఉన్న మార్పులు ఉన్నాయని రిపోర్టు వచ్చింది. హిందూపురంలో గార తీయించారు, మూడు విరిగిన మొదళ్ళు తీయించారు. మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోమన్నాం.

మొన్న వచ్చాడు. కుర్చీలో కూర్చోగానే, నేను టార్చి తీయకముందే నోరు తెరిచాడు. పొగాకు మానేశానన్నాడు, కోడలు కూడా అవునంది. తిత్తి మాత్రం నడుములోనే ఉంది. "వక్క ఒక్కటీ ఉండనీ డాక్టరమ్మా" అంటున్నాడు. ఇంకా ఒప్పుకోలేదు.